మేక కార్జంలో మూడు పాయింట్ ఆరు

మాది ఏకాదశికి ఉల్లిపాయ కూడా ముట్టని ఇల్లు. అలాంటి ఇంట్లో పుట్టి, చిక్కడపల్లి మార్కెట్‌లో మటన్ కొట్టు ముందు నిలబడి "ఒక కార్జం ఇవ్వండి, తాజాది" అని అడగాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. తొంభైల మొదట్లో మాట. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. కార్జం ప్రయోగం ఉన్న రోజున బల్లకొక మేక కార్జం కావాలి, దాన్ని విద్యార్థులే తెచ్చుకోవాలి. అది మా డిపార్టుమెంటు ఆనవాయితీ. మా బల్ల మీద నలుగురం. మిగతా ముగ్గురూ హాస్టలు పిల్లలు. ఊరు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అని ఆ పని నా మెడకు చుట్టారు.

కొట్టాయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. వండుకోవడానికా అని అడిగాడు. కాదు, పరీక్ష చెయ్యడానికి అన్నాను. ఆ రోజు నుంచి నేను ఆయనకు డాక్టరమ్మను. మేకల కార్జాలకు పరీక్ష చేసే డాక్టర్ని. నేను డాక్టర్ని కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆ పట్టా మాత్రం వెనక్కి తీసుకోలేదు. కార్జాన్ని స్టీలు డబ్బాలో పెట్టుకుని, సోడా కొట్టులో అడిగి తీసుకున్న ఐసుముక్కలు చుట్టూ పేర్చి, నారాయణగూడ చౌరస్తాలో బస్సెక్కాను. బస్సులో పక్కనున్నావిడ టిఫినేం తెచ్చుకున్నావని అడిగితే ఉప్మా అని చెప్పాను. మా అమ్మ ఆ డబ్బాను మళ్ళీ గడప దాటనివ్వలేదు. అది ల్యాబ్‌లోనే ఉండిపోయింది.

ప్రయోగం చెప్పుకోవడానికి తేలికే. మనం తిన్నదంతా ఒళ్ళు ఒకేసారి ఖర్చు పెట్టదు. మిగిలిన చక్కెరను గ్లైకోజెన్ అనే పిండిగా మార్చి కార్జంలో దాచుకుంటుంది. ఆ కార్జం ముక్కను పొటాష్ నీళ్ళలో ఉడికించి, చల్లార్చి, ఆల్కహాలు పోస్తే దాచుకున్నదంతా తెల్లగా విరిగి అడుగుకు దిగుతుంది. దాన్ని తీసి, నూరు గ్రాముల కార్జానికి ఎన్ని గ్రాములుందో లెక్క కట్టాలి. ట్యూబులో తెల్లటి మబ్బు కమ్మినట్టు ఉంటుందని పుస్తకంలో రాసి ఉంది.

మా ట్యూబులో మబ్బు లేదు. వెలుతురుకు ఎత్తి పట్టుకుని, కళ్ళు చికిలించి చూస్తే అడుగున కాస్త మసక. పక్క బల్ల మీదా అంతే. హాస్టలు పిల్లలు ముగ్గురూ నా వైపు చూశారు. కార్జం తెచ్చింది నేనే కదా మరి! సాయంత్రానికి రికార్డు ఇచ్చి తీరాలి. ఏమీ రాలేదని రాస్తే ప్రొఫెసర్ గారు అందరి ముందూ కడిగేస్తారు. పుస్తకం చూస్తే ఐదు దాకా ఉండవచ్చని ఉంది. ఐదు రాస్తే దురాశ, ఒకటి రాస్తే చేతగానితనం. బాగా ఆలోచించి మూడు పాయింట్ ఆరు అని రాశాను. మర్యాదస్తుల అంకె, ఎవరూ వేలెత్తి చూపని అంకె. ప్రొఫెసర్ గారు ఎర్ర సిరాతో దాని పక్కన 'గుడ్' అని రాశారు. నేను ఒళ్ళు హూనం చేసుకుని నిజంగా చేసిన ప్రయోగాలన్నిటి మీదా 'నీట్‌గా రాయాలి' అని రాసిన మనిషి ఆయన. ఏడాది మొత్తానికి నాకు దక్కిన గుడ్ అదొక్కటే.

సిగ్గుపడ్డానా? ఆ రోజుకైతే లేదు. బల్ల మీద నలుగురం చౌరస్తాలో ఇరానీ హోటలుకు పోయి, ఫ్యామిలీ రూములో కూర్చుని, ఒక్కొక్కరం రెండేసి చాయ్‌లు తాగి పండగ చేసుకున్నాం.

చదువు అయిపోయాక రికార్డును జూనియర్లకు ఇచ్చి పోవడం కూడా మా దగ్గర ఆనవాయితీయే. నా రికార్డుకు గిరాకీ ఎక్కువ. గుండ్రటి చేతిరాత, స్కేలు పెట్టి గీసిన బొమ్మలు, పైన రెండు రామచిలుకలున్న పాత క్యాలెండరు కాగితం అట్ట. అడిగిన అమ్మాయికి ఇచ్చేసి మర్చిపోయాను.

ఐదారేళ్ళు గడిచాయి. పరిశోధన సగంలో ఉండగానే అదే డిపార్టుమెంటులో తాత్కాలిక లెక్చరర్నయ్యాను. ఏ ఏటికాయేడు ఉంటుందో ఊడుతుందో తెలియని ఉద్యోగం. అయినా నా అంత సంతోషంగా పొద్దున్నే బస్సెక్కిన మనిషి నారాయణగూడ చౌరస్తాలో ఇంకొకరు ఉండి ఉండరు. పాఠం చెప్పడమంటే నాకు అంత పిచ్చి. ఒకసారి ఉమ్ములో ఉండే ఎంజైము గురించి చెబుతూ క్లాసు క్లాసంతటికీ తలా గుప్పెడు అటుకులు పంచి, తియ్యబడేదాకా నమలాలి, మింగితే ఊరుకోనన్నాను. ఇరవై మంది పిల్లలు మాటా పలుకూ లేకుండా దవడలాడిస్తూ ఉండగా మా ప్రొఫెసర్ గారు తలుపు దగ్గరికి వచ్చారు. అందరి దవడలూ చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయారు. ఆ తర్వాత చాలా రోజులు ఆయన నా క్లాసు వైపు రాలేదు.

ఆ ఏడాది చివరి సంవత్సరం క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చిన కుటుంబం. అశోక్‌నగర్‌లో కడుతున్న అపార్టుమెంటుకు వాళ్ళ నాయన వాచ్‌మన్, వాళ్ళమ్మ అక్కడే ఇటుకలు మోసేది. కింది అంతస్తులో సిమెంటు బస్తాల పక్కన రేకులు అడ్డం పెట్టుకున్న గదిలో ఉండేవాళ్ళు. ఎండాకాలంలో ఆ బిల్డింగు పని అయిపోతుంది. తర్వాత పని ఏ ఊళ్ళో దొరికితే అక్కడికి పోవాల్సిందే. అంటే ఆ అమ్మాయి చదువు ఆ ఏడాదే పూర్తి కావాలి. ఒక్క పరీక్ష తప్పినా మళ్ళీ రాసే దారి లేదు. ఆమె ఇది దాచలేదు, అలాగని జాలి కోసం చెప్పనూ లేదు. ఏడాది మొదట్లో ఏదో ఫారం నింపుతూ మామూలుగా చెప్పింది. క్లాసులో తక్కువ మాట్లాడేది, చీమల బారులా చిన్న అక్షరాలు రాసేది.

ప్రాక్టికల్ పరీక్షలు మూడు వారాల్లోకి వచ్చాయి. మిగిలింది కార్జం ప్రయోగం ఒక్కటే. పొద్దున నేనే పాఠం చెప్పాను. తిండి లేకపోతే ఒక్క రోజులోనే కార్జంలో దాచుకున్న గ్లైకోజెన్ దాదాపు ఖాళీ అయిపోతుందని బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. మధ్యాహ్నం అదే పిల్లలు చిక్కడపల్లి నుంచి తెచ్చిన కార్జాలతో ప్రయోగానికి కూర్చున్నారు.

సాయంత్రం రికార్డులు దిద్దుతున్నాను. మొదటి దాంట్లో మూడు పాయింట్ ఆరు. రెండో దాంట్లో మూడు పాయింట్ ఐదు. మళ్ళీ మూడు పాయింట్ ఆరు. ఒకడు కాస్త స్వతంత్రించి మూడు పాయింట్ ఏడు వేశాడు. పెళ్ళిలో తప్పిపోయిన చుట్టం ఎదురైనట్టు గుండె ఝల్లుమంది. అది నా అంకె! నేను ఊహించి పుట్టించిన అంకె ఇన్నేళ్ళూ చేతులు మారుతూ, పిల్లాపాపలతో చల్లగా బతుకుతోంది. ముందు నవ్వొచ్చింది. తర్వాత భయం వేసింది. మూడు పాయింట్ ఆరు తప్పంటే, అది ఎక్కడిదని ఎవరో ఒకరు అడుగుతారు. అందుకని నోరు మూసుకుని అన్నిటి మీదా సంతకాలు పెట్టుకుంటూ పోయాను.

ఆఖరున ఆ అమ్మాయి రికార్డు. పాయింట్ ఒకటి అని రాసి ఉంది. కింద చీమల అక్షరాలతో 'దాదాపు లేదు' అని.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తప్పు చేసినవాళ్ళకు వచ్చే కోపం మామూలు కోపం కంటే ఎక్కువగా ఉంటుందని ఆ రోజే తెలిసింది. ఎర్ర సిరాతో 'రిపీట్' అని రాసి పడేశాను. అన్ని ప్రయోగాలకూ సంతకం ఉంటేనే పరీక్షకు రానిస్తారు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

రెండు రోజుల తర్వాత ఆమె ఇంకో కార్జం తెచ్చుకుని ఒక్కతే కూర్చుని మళ్ళీ చేసింది. మళ్ళీ పాయింట్ ఒకటే. మళ్ళీ 'రిపీట్' అని రాసి, ఆమెను నా గదికి పిలిచాను. అందరికీ వచ్చింది నీకొక్కదానికే ఎందుకు రాదు, చెయ్యి కుదురు లేదా, మనసు ఎక్కడుంది, పరీక్ష దగ్గర పెట్టుకుని ఇదేం మొండితనం అంటూ వాయించాను. ఆమె అంతా విని, రికార్డు గుండెకు ఆనించుకుని అడిగింది.

"రానిది ఎట్ల రాయాలె మేడం?"

అబద్ధం రాయమని నిన్నెవరన్నారు అన్నాను, ఏ మాత్రం సిగ్గు లేకుండా.

"ఆ మేక పస్తున్నది మేడం" అన్నది ఆమె. "మా దిక్కు సంతల నుంచే లారీల తోలుకొస్తరు. లారీ ఎక్కిచ్చినంక కోసేదాక గడ్డిపోచ గూడ వెయ్యరు. దాని కార్జంల ఏముంటది? మీరే గదా బోర్డు మీద రాసిన్రు."

రాశాను. కింద రెండు గీతలు కూడా గీశాను.

ఆమెను పంపించేసి ఊరికే కూర్చున్నాను. పస్తుంటే గ్లైకోజెన్ ఖాళీ అవుతుందని మా ప్రొఫెసర్ గారు మాకు చెప్పారు, ఆయనకు వాళ్ళ మాస్టారు చెప్పి ఉంటారు, నేను వీళ్ళకు చెప్పాను. ఇంతమంది చదువుకున్నవాళ్ళం పొద్దున ఆ పాఠం చెప్పి, మధ్యాహ్నం పస్తున్న మేక కార్జం తెప్పించి, అందులో గ్లైకోజెన్ రాలేదని పిల్లల మీద అరుస్తున్నాం. మేకను గురించి ఎవరమూ ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మా దృష్టిలో కార్జం స్టీలు డబ్బాలోనే పుట్టింది.

ఇంటికి పోతూ మార్కెట్‌లో దిగాను. కొట్టాయన్ను అడిగితే నా వైపు వింతగా చూశాడు.

"తినబెట్టి ఎవరన్న కోస్తరా డాక్టరమ్మా? కడుపు ఖాళీ ఉంటెనే పని సాఫ్ ఉంటది. గిది మీ సదువుల లేదా?"

ఉంది, మొదటి పేజీలోనే ఉంది అన్నాను.

కడుపునిండా తిన్న మేక కావాలంటే ఏం చెయ్యాలని అడిగితే పెద్దగా నవ్వాడు. ఆదివారం కోసే మేకను మూడు రోజుల ముందే ఇస్తాను, మీ ఇంట్లో కట్టేసుకుని మేపుకోండి అన్నాడు. మా ఇంట్లో! అమ్మ నన్ను కూడా దాంతోపాటు బయట కట్టేస్తుంది. మర్నాడు ఆ అమ్మాయికి చెబితే, ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా వాళ్ళ బిల్డింగు దగ్గర కట్టేద్దామన్నది.

అలా గురువారం ఒక నల్ల మేక అశోక్‌నగర్‌లో ఇసుక కుప్ప పక్కకు చేరింది. ఆ అమ్మాయి పొద్దున సుబాబుల్ కొమ్మలు, సాయంత్రం జొన్నరవ్వ ఉడికించిన గటక పెట్టేది. చిక్కడపల్లిలో మా ఇంటి నుంచి నడిచి పోయేంత దూరమే కాబట్టి రోజూ సాయంత్రం నేనూ ఒక సంచీతో బయలుదేరేదాన్ని. ఎవరో పేదవాళ్ళ మేకకు తిండి పెడుతున్నానని చెబితే మా అమ్మ తెగ సంబరపడి, అరటి తొక్కలు, నానబెట్టిన శనగలు, కూరగాయల తొడిమలు మూటగట్టి ఇచ్చేది. మూగజీవికి పెడితే పుణ్యమని రెండో రోజు ఇంత బెల్లం కూడా పెట్టింది. ఆదివారం సంగతి నేను చెప్పలేదు. ఈ రోజు వరకూ చెప్పలేదు.

నేను వచ్చేసరికి ఆ అమ్మాయి నాయన కుర్చీ తెచ్చి వేసేవాడు, తను మాత్రం ఎంత చెప్పినా నిలబడే ఉండేవాడు. బిడ్డ పరీక్ష రాస్తుందా రాయదా అన్నది ఈ మేక మీద ఉందని ఆయనకు తెలుసు. అయినా ఆ మాట ఎత్తలేదు. మేక శనగలు నములుతుంటే చూసి, "మా కంటె మంచిగ తింటున్నది మేడం" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికి పోయేదాకా ఆ మాట నన్ను వదల్లేదు.

ఆదివారం పొద్దున్నే మార్కెట్‌కు పోయాం. మూడు రోజులు నా చేతిలో తిన్న మేక. దాని నుదురు గోకితే కళ్ళు మూసుకునేది. నేను కొట్టు లోపలికి పోలేక రోడ్డవతల కూరగాయల బండి దగ్గర నిలబడి, అక్కర్లేని దొండకాయలు బేరం చేస్తూ ఉన్నాను. ఆమె లోపలికి పోయి, స్టీలు డబ్బా రెండు చేతులతో పట్టుకుని బయటికి వచ్చింది. మేకల మధ్య పెరిగిన పిల్ల. "ఊకోండ్రి మేడం, ఐసు కరుగుతది" అని నా చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించింది.

జూనియర్నని ల్యాబ్ తాళంచెవి నాకే అంటగట్టారు కాబట్టి ఆదివారమైనా ఇబ్బంది లేకపోయింది. తూచింది ఆమె, ఉడికించింది ఆమె, చల్లార్చింది ఆమె. నేను ముట్టుకోలేదు. ఆల్కహాలు పోసే ముందు నా వైపు ఒకసారి చూసింది. పొయ్యమని తలూపాను.

పోసింది. ట్యూబు మధ్యలో తెల్లటి పోగు ఒకటి కదిలింది. ఆ వెంటనే ఇంకొకటి. చూస్తుండగానే పాలు విరిగినట్టు ట్యూబంతా తెల్లబడి, మెల్లగా అడుగుకు దిగడం మొదలైంది. పుస్తకంలో చెప్పిన మబ్బు! బయోకెమిస్ట్రీ చదివి, బయోకెమిస్ట్రీ చెప్పి, నా కళ్ళతో గ్లైకోజెన్‌ను చూడటం అదే మొదటిసారి. నేను చిన్నపిల్లలా గెంతి ఆమెను గట్టిగా పట్టుకున్నాను. అంత సంతోషం నాకు నా ఉద్యోగం కాగితం వచ్చినప్పుడు కూడా కలగలేదు.

"ట్యూబు పడ్తది మేడం" అన్నది. నవ్వుతోంది, కళ్ళల్లో నీళ్ళు.

లెక్క కడితే రెండు పాయింట్ తొమ్మిది వచ్చింది. మూడు అని రాసెయ్యొచ్చులే అన్నాను, అలవాటు కొద్దీ. ఆమె తలెత్తి నన్ను చూసి, మళ్ళీ తల దించుకుని, రెండు పాయింట్ తొమ్మిది అనే రాసింది. పస్తున్న మేకలవి రెండు పేజీలు, తిన్న మేకది ఒక పేజీ. మూడిటి మీదా సంతకం పెట్టాను. నేను రాసిన రెండు 'రిపీట్'లనూ కొట్టేశాను.

అక్కడితో ఆపి ఉంటే నా పరువు నాకు దక్కేది. కానీ ఆ రాత్రి అన్నం సయించలేదు. సోమవారం క్లాసులో ఆ ట్యూబును అందరి ముందూ పెట్టి మేక కథ చెప్పాను. మీ అందరి మూడు పాయింట్ ఆరు ఎక్కడిదని అడిగాను. తలలన్నీ రికార్డుల్లోకి వంగాయి. మీరు చెప్పకపోయినా నాకు తెలుసు, అది నాది, ఏమీ రాకపోయినా భయపడి రాశాను అని చెప్పేశాను. వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి మెల్లగా లేచి, సంచీలోంచి ఒక రికార్డు తీసి నా బల్ల మీద పెట్టి, పోయి కూర్చున్నాడు. చిరిగిన అట్ట మీద రెండు రామచిలుకలు.

అప్పుడు పేలింది నవ్వు. పక్క క్లాసువాళ్ళు తలుపు దగ్గరికి వచ్చేంత నవ్వు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ పేజీ తీసి, ఆ అమ్మాయిని పిలిచి, నా ఎర్ర పెన్ను ఆమె చేతికిచ్చి, దిద్దమన్నాను. ఆమె వెనక్కి జరిగింది. నీ తప్పేమీ లేకపోయినా రెండుసార్లు రాశాను కదా, నాకు ఒక్కసారన్నా రాయమన్నాను. ప్రొఫెసర్ గారి గుడ్ జోలికి పోకుండా, దాని కింద చీమల అక్షరాలతో 'రిపీట్' అని రాసింది.

అందరి సంతకాలూ రద్దు చేశాను. మరుసటి ఆదివారానికి ఇసుక కుప్ప పక్కకు రెండో మేక వచ్చింది. క్లాసంతా వంతులేసుకుని మేపారు. పరీక్ష రోజున బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆ అమ్మాయి రికార్డులో పాయింట్ ఒకటి చూసి ఇదేమిటని అడిగితే, లారీ దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పిందట. ఆయన పెన్నుకు మూత పెట్టేసి, తర్వాత ఒక్క ప్రశ్న కూడా అడగలేదట. క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు ఆమెకే వచ్చాయి.

బిల్డింగు పనీ అయిపోయింది. ఆ వారాంతానికే గది ఖాళీ చేస్తున్నారు. ఇక కలవదేమో అనుకుంటున్నాను. శనివారం సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడింది.

"మేడం, మీ రిపీట్ ఇంక బాకీ ఉన్నది. ఇంకో మేకను మూడు దినాల సంది మేపుతున్న."

ఆదివారం ల్యాబ్‌లో ప్రయోగం నేను చేశాను. ఆమె చేతులు కట్టుకుని పక్కన నిలబడింది. నాకు రెండు పాయింట్ ఆరు వచ్చింది. రామచిలుకల రికార్డులో, ఆమె 'రిపీట్' కింద, రెండు పాయింట్ ఆరు అనే రాశాను. ఆమె స్టూలు మీద కూర్చుని నా లెక్క మొదటి నుంచి చివరి దాకా వేలు పెట్టి చూసి, కింద సంతకం పెట్టి రికార్డు నా చేతికిచ్చింది.

గుడ్ అని రాయవా అని అడిగాను. ఆమె రికార్డు మళ్ళీ తీసుకుని, పాత పేజీల్లో ప్రొఫెసర్ గారి ఎర్ర సిరా రాతలు తిరగేసింది.

"నీట్‌గ రాయాలె మేడం" అన్నది.